బర్రె త్రేన్పుకొక చరిత్ర

దీపావళి వెళ్ళిన వెంటనే వచ్చే సదర్ రాత్రి మీరెప్పుడైనా నారాయణగూడ వై.ఎం.సి.ఎ. ముందర నిలబడి చూచారా? చూడకపోతే ఒకసారి చూడవలసిన వేడుక సుమండీ. పట్నంలోని యాదవ సోదరులు తమ దున్నపోతులకు నూనె రాసి నిగనిగలాడించి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు పూలదండలూ గవ్వల పట్టెడలూ కట్టి డప్పుల మోతతో తోలుకొస్తారు. హర్యానా నుంచి ముర్రా జాతి దున్నలు లారీల మీద వచ్చి దిగుతవి. వాటికి ఆపిల్ పండ్లు, బాదం పప్పు పెట్టి మేపుతున్నామని యజమానులు గొప్పగా చెప్పుకుంటారు. దున్న ముందుకాళ్ళెత్తి నిలబడిందంటే ఇక ఆ రోడ్డంతా ఈలలే.

నేను చెప్పబోయేది ఆ సందట్లో ఎవరూ పట్టించుకోని సంగతి. దున్న కాసేపు ఆగి, మెడ కొంచెం ముందుకు చాచి త్రేనుస్తుంది. మళ్ళీ నిమిషం గడిచీ గడవకముందే ఇంకోసారి. ఆ త్రేన్పులో రంగూ వాసనా లేని ఒక వాయువు వున్నది. దాని పేరు మీథేన్. పశువు వెనకనుంచి వదిలే గాలి అని చాలామంది నవ్వుతూ అంటూంటారు గాని, అది తప్పు. నూటికి తొంభై పాళ్ళకు పైగా నోటినుంచే పోతుంది.

ఈ వాయువు భూమిని వేడెక్కిస్తున్నదని ఈమధ్య పత్రికల్లో తరచు రాస్తున్నారు. ఆ రాతలు చదివించుకుని మా మండలంలో ఒక పాడిరైతు, "కార్లు పొగ వదలవచ్చు, మా బర్రె త్రేన్చగూడదా సారూ?" అని నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి నేను అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తరువాత తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను పశువైద్యుణ్ణి కాను, వ్యవసాయ డిప్లొమా చదివి విస్తరణాధికారిగా పనిచేస్తున్నవాణ్ణి. కాబట్టి రైతుకు పనికివచ్చేంతవరకే చెపుతాను.

ముందు పొట్ట సంగతి. ఆవు, బర్రె, గొర్రె, మేక, ఇవన్నీ నెమరువేసే జాతి. వాటి కడుపులో నాలుగు అరలున్నవి. మొదటిది అన్నిటికంటె పెద్దది. దాన్ని రూమెన్ అంటారు, మనం పెద్దపొట్ట అనుకుందాం. ఎదిగిన బర్రెకు అందులో వంద లీటర్లకు పైగా పడుతుంది. ఒక పెద్ద గోళెం అన్నమాట. కుడితి గోళెంలో పిండి పులిసినట్టే అందులో గడ్డి పులుస్తుంది. గడ్డిలోని పీచును అరిగించుకునే శక్తి పశువుకు స్వతహాగా లేదు. ఆ పని చేసిపెట్టేవి లోపల కాపురమున్న కోటానుకోట్ల సూక్ష్మజీవులు. అవి పీచును విడగొట్టి పులియబెడితే కొన్ని ఆమ్లాలు తయారవుతవి. పాలకూ, కండకూ, నడకకూ కావలసిన బలంలో ఎక్కువ భాగం బర్రె ఆ ఆమ్లాలనుంచే తీసుకుంటుంది.

పులిసేటప్పుడు హైడ్రోజన్ అనే వాయువు కూడా పుడుతుంది. అది లోపలే పేరుకుంటే పులవడం మందగిస్తుంది. పొయ్యిలో బూడిద ఎప్పటికప్పుడు తీయకపోతే మంట పట్టదు గదా, అట్లాగే. ఆ హైడ్రోజన్‌ను ఎత్తిపోసే పాకీపని ఒక జాతి సూక్ష్మజీవులు చేస్తవి. నాలుగు పాళ్ళ హైడ్రోజన్‌ను ఒక పాలు బొగ్గుపులుసు వాయువుతో కలిపి మీథేన్ చేస్తవి. పశువు దాన్ని త్రేన్చి బయటకు పంపుతుంది. అంటే త్రేన్పు రోగమేమీ కాదు. అది ఆగిపోతేనే ప్రమాదం. కడుపుబ్బరం వచ్చిన గొడ్డును చూచినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఇందులో రైతుకు నష్టమున్నది. మీథేన్ మండే వాయువు. మండేది ఏదైనా బలం దాచుకున్నదే. పశువు తిన్న మేతలోని మొత్తం బలంలో నూటికి 2 నుంచి 12 పాళ్ళ దాకా ఈ దారిన గాలిలో కలుస్తుందని శాస్త్రజ్ఞులు కొలిచారు. ముతక మేత మీద బ్రతికే గొడ్డుకు నష్టం ఎక్కువ వైపే వుంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్న చొప్పలో కొంత, పాలు కాకుండా త్రేన్పై పోతున్నదన్నమాట.

ఇదంతా ఒక్కనాడు తెలిసింది కాదు. 1776లో ఇటలీ దేశస్థుడు వోల్టా మజ్జోరే సరస్సు అంచున బురదను కర్రతో కదిలించి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, వాటికి నిప్పంటించి చూచాడు. అదీ మీథేనే. అశోక్‌నగర్ వంతెనమీద నిలబడి హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే నాలాలోకి ఎండాకాలం చూడండి, బురదలోంచి బుడగలు పైకి వస్తూంటవి. వోల్టా చూచింది అదే. గాలి సోకని బురదలో జరిగే పనీ, గాలి సోకని పెద్దపొట్టలో జరిగే పనీ ఒకటే. చేసే జీవులూ దాయాదులే.

1843లో ఫ్రాన్సులో గ్రూబీ, డెలాఫాన్ అనేవారు పెద్దపొట్ట రసాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి, అందులో ఈదులాడే ఏకకణ జీవులను చూచారు. 1880 తరువాత జర్మనీలో టాపైనర్ పీచు పులిసి మీథేన్ అవుతుందని చూపించాడు. కాని ఆ పని చేసే జీవిని పట్టుకోవటం ఎవరి తరమూ కాలేదు. కారణం, దానికి మన గాలే విషం. బయటకు తీయగానే చచ్చేది. అమెరికాలో రాబర్ట్ హంగేట్ గాలి లేని గాజుగొట్టాల్లో వాటిని పెంచే ఉపాయం కనిపెట్టిన తరువాతనే దారి దొరికింది. 1958లో ఆయనా, పాల్ స్మిత్ అనే ఆయనా కలిసి పెద్దపొట్టలోని మీథేన్ జీవిని విడదీసి పెంచారు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ పరిశీలించి, ఇవి అసలు బాక్టీరియా వంశమే కాదు, వేరే వంశమని తేల్చారు. ఆ వంశానికే ఆర్కియా అని పేరు. 2010లో న్యూజీలండ్ వారు దాని జన్యువుల పటం మొత్తం అచ్చువేశారు. గొర్రెలూ ఆవులూ మీద బ్రతికే దేశం కాబట్టి వారికి అంత పట్టుదల.

ఈ మొదటి చరిత్ర వాతావరణం కోసం జరిగింది కాదు. వాతావరణం బెంగ తరువాత వచ్చింది. మీథేన్ కూడా భూమి వేడిని పట్టి వుంచుతుందని 1976లో లెక్కగట్టారు. 1750 ప్రాంతంలో వందకోట్ల పాళ్ళ గాలిలో అది 720 పాళ్ళున్నది. ఇప్పుడు 1900 దాటింది. బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే దీని వేడి, నూరేళ్ళ లెక్కన తూకానికి తూకం 27 రెట్లకు తగ్గదు. కాని సగటున పన్నెండేళ్ళకు మించి గాలిలో నిలవదు. అందువల్ల దీన్ని తగ్గిస్తే ఫలం త్వరగా కనిపిస్తుంది. గొడ్డుమీద ప్రపంచానికి ఇంత శ్రద్ధ పుట్టటానికి కారణం అదే. వరిమళ్ళు, బొగ్గుగనులు, పెట్రోలు బావులు, చెత్తకుప్పలు కూడా మీథేన్ వదులుతవని మాత్రం మరచిపోగూడదు.

ఇక మన పట్నం సంగతికి వస్తాను.

ఉద్యోగానికి ముందు పరీక్షలకు చదువుకుంటూ నేను అశోక్‌నగర్‌లో ఒక గదిలో ఇద్దరు మిత్రులతో వుండేవాణ్ణి. పగలంతా చిక్కడపల్లి గ్రంథాలయంలో గడిచేది. గదికి తిరిగి వచ్చే సందులో అప్పటికింకా ఒక కొట్టం వుండేది. ఆరు బర్రెలు, ఒక ముసలాయన. కోస్తావారు గేదె అంటారు, మా వైపు బర్రె అనే అంటాం. సాయంత్రం పాలకు వెళ్ళినప్పుడు ఆయనతో కూచునేవాణ్ణి. ఒకనాడు చొప్ప బండి వచ్చింది. ఆయన ఒక కట్టలోంచి దంటు లాగి, విరిచి, కొరికి, నమిలి ఊశాడు. ఇంకో కట్ట చూచాడు. "ఇది తియ్యగుంటది బిడ్డా, ఇది బెండు" అన్నాడు. మొదటిదానికి ఎక్కువ ధర ఇచ్చి దించుకున్నాడు. పుస్తకాల్లో పోషకాల పట్టికలు బట్టీపట్టిన నాకు అది పాతకాలపు చాదస్తమనిపించింది. "అంత తేడా వుంటుందా తాతా?" అన్నాను. "రేపు పొద్దున చెంబు చూడు, తెలుస్తది" అన్నాడు.

కాదనటానికి వీల్లేదని తరువాత తెలిసింది. 2004-05లో పటాన్‌చెరువు ఇక్రిశాట్ ఆవరణలోని శాస్త్రజ్ఞులు హైదరాబాదు చొప్ప వ్యాపారుల దగ్గరికి నెలనెలా వెళ్ళి, అమ్ముడయ్యే జొన్న చొప్ప రకాలను, ధరలను రాసుకుని, నమూనాలు తెచ్చి పరీక్షించారు. ఎక్కడెక్కడి చొప్పో పట్నానికి వచ్చేది. అందులో రాయచూరు చొప్పకు గిరాకీ ఎక్కువ, మన పచ్చజొన్న చొప్ప ధర తక్కువ. కిలో మూడు రూపాయల పైచిలుకునుంచి దాదాపు నాలుగు దాకా పలికింది. ఇక అరుగుదల చూస్తే, తక్కువ రకం నూటికి 47 పాళ్ళు అరిగేది, మంచి రకం 52 పాళ్ళు. తేడా అయిదు పాళ్ళే! దానికి మన పాడివాళ్ళు ధరలో ఇంచుమించు 25 పాళ్ళు ఎక్కువ ఇస్తున్నారు. ప్రయోగశాల లేదు, కొలిచే యంత్రం లేదు. కంటితో చూచి, పంటితో కొరికి ఆ అయిదు పాళ్ళను పట్టారు. చొప్ప నాణ్యం కూడా చూచుకుంటూ జొన్న వంగడాలను ఎంచుకోవాలనే వాదానికి ఈ లెక్క గట్టి ఆధారమయింది. అంతకు ముందు గింజ ఎంత పండుతుందన్నదే ముఖ్యంగా చూచేవారు.

దీనికీ త్రేన్పుకూ సంబంధమేమిటంటారా? చెపుతాను. రెండు బర్రెలున్నవనుకోండి. లెక్క తెలియటానికి అనుకోవటమే సుమా. ఒకటి బెండుచొప్ప తిని మూడు లీటర్లిస్తుంది, రోజుకు 200 గ్రాముల మీథేన్ త్రేనుస్తుంది. రెండోది మంచి చొప్పా, కొంచెం దాణా తిని ఆరు లీటర్లిస్తుంది. ఎక్కువ తిన్నది కాబట్టి 240 గ్రాములు త్రేనుస్తుంది. కొట్టంలో నిలబడి కొలిస్తే రెండోదే తప్పుచేసినట్టు కనిపిస్తుంది. పాలచెంబు పక్కన పెట్టి కొలవండి. మొదటిదానికి లీటరుకు 67 గ్రాములు, రెండోదానికి 40. ప్రాణం నిలుపుకోవటానికి తినవలసిన మేత రెండింటికీ ఇంచుమించు ఒకటే, దాని త్రేన్పూ ఒకటే. పాలు పెరిగితే ఆ ఖర్చు ఎక్కువ లీటర్ల మీద సర్దుకుంటుంది. ఆలస్యంగా కట్టే పడ్డలు, ఏడాదికి పైగా వట్టిపోయి నిలుచునే బర్రెలు పాలు లేకుండానే త్రేనుస్తూంటవి. మన దేశంలో అసలు నష్టం అక్కడే వున్నది. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవుజాతి 19 కోట్లకు పైన, గేదెలు దాదాపు 11 కోట్లు. మన తెలంగాణలో రెండూ చెరి 42 లక్షల చిల్లర.

2021లో గ్లాస్గో సభలో మీథేన్ తగ్గిస్తామని చాలా దేశాలు సంతకాలు చేస్తే మన దేశం చేయలేదు. ఒకటి రెండు పశువులమీద బ్రతికే చిన్నరైతును, వేల ఆవులున్న కంపెనీవాణ్ణి ఒకే కాటాలో తూచటం సరికాదన్నది నా అభిప్రాయం కూడా. కాని మనం సంతకం పెట్టలేదు గనుక మన చొప్ప గాలిలో పోయినా ఫరవాలేదనటం తెలివి కాదు.

పట్నం బర్రెల మేత చొప్పతోనే అయిపోలేదు. హైదరాబాదు మురుగంతా కలిసే మూసీ నది వెంబడి, పట్నం దిగువన, పారా గడ్డి పెంచటం పెద్ద వృత్తి అయింది. నాలాల నీళ్ళు ఏడాది పొడుగునా ఆగవు గనుక ఆ గడ్డికి కరువులేదు. ఎండాకాలంలో పల్లెలన్నీ ఎండినా అక్కడ కోత ఆగదు. కూలీలు, అందులో ఆడవాళ్ళు చాలామంది, కోసి మోపులు కడితే అవి పట్నం కొట్టాలకు చేరేవి. ఆ పాలు మళ్ళీ ఇళ్ళకు. అశోక్‌నగర్ నాలాలో పారిన నీరు మూసీలో కలిసి, గడ్డిగా మారి, పాలై చిక్కడపల్లి గడప తొక్కిందంటే అతిశయోక్తి కాదు. మురుగులో ఫ్యాక్టరీల విషాలు కలుస్తవన్న భయం ఒకటి వున్నది, అది కొట్టివేయదగింది కాదు. మేతగా మాత్రం లేత పచ్చిగడ్డి ముదురు వరిగడ్డికంటె ఎంతో త్వరగా అరుగుతుంది. పెద్దపొట్టలో తక్కువకాలం నిలుస్తుంది.

జొన్న సాగు తగ్గి వరి పెరిగిన కొద్దీ పాడివాళ్ళకు వరిగడ్డే గతి అయింది. మేతల్లో కష్టమైనది వరిగడ్డి. ఇసుకపాలు ఎక్కువ, మాంసకృత్తులు నూటికి మూడునాలుగు పాళ్ళే. సూక్ష్మజీవులకు నత్రజని చాలక నీరసిస్తవి. గడ్డి అరగదు, త్రేన్పు మాత్రం తప్పదు.

మరి మార్గమేమిటి? విదేశాల్లో మందులు వచ్చినవి. మీథేన్ జీవి చేసే ఆఖరి పనిని అడ్డుకునే త్రీనాప్ అనే పదార్థాన్ని ఐరోపాలో 2022లో, అమెరికాలో 2024లో అనుమతించారు. పాడి ఆవుల్లో ఇంచుమించు మూడోవంతు తగ్గుతుందంటారు. ఆస్ట్రేలియావారు ఒక ఎర్ర సముద్రపు నాచుతో ఇంకా ఎక్కువ తగ్గించి చూపారు. ఇవి ప్రతి ముద్దలోనూ కలవాలి. నాందు దగ్గర కొలిచి పోసే దొడ్లకు అది కుదురుతుంది. పొద్దున విప్పి సాయంత్రం కట్టే మన పశువుకు అంత సులువుగా కుదరదు. మన దగ్గరిది ఒకటి నాకు నచ్చింది. బెంగుళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ పరిశోధన సంస్థవారు చింతగింజల పైపొట్టుతో ఒక మేత పొడి చేశారు. తరువాత వగరు మొక్కల పదార్థాలతో హరితధార అని ఇంకొకటి తెచ్చారు. 17 నుంచి 20 పాళ్ళ దాకా మీథేన్ తగ్గుతుందని వారి లెక్క. చింతపిక్క ఒగరు మనకు నాలుక మీద తెలిసిందే. ఆ ఒగరే మీథేన్ జీవులకూ వాటికి తోడుండే ఏకకణ జీవులకూ గిట్టదు.

నూనె కూడా మీథేన్‌ను తగ్గిస్తుంది. దీన్ని గురించి నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్కడో చదివి, మండలంలో ఒక రైతుకు, దాణాలో కొంచెం తవుడునూనె కలపమని చెప్పాను. ఎంత కలపాలో, ఎక్కడ ఆపాలో చెప్పలేదు. ఆయన పాపం నా మాట మీద నమ్మకంతో పొద్దున అరలీటరు, సాయంత్రం అరలీటరు పోశాడు. మూడోనాటికి బర్రె చొప్ప ముట్టలేదు. పేడ పలచబడి అందులో అరగని పుల్లలు కనిపించినవి. ఆరు లీటర్ల పాలు నాలుగుకు దిగినవి. పశువైద్యులొకరు వచ్చి చూచి, "నూనె పీచుకు పూత పూస్తే సూక్ష్మజీవి దాన్నెట్లా పట్టుకుంటుందయ్యా?" అని నాకే పాఠం చెప్పారు. మొత్తం ఎండుమేతలో కొవ్వు, మేతలో సహజంగా వున్నదాంతో కలిపి, నూటికి ఆరు పాళ్ళు దాటగూడదు. ఆ నెల ఆ ఇంటికి పాలడబ్బులు తక్కువ వచ్చినవి. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అనివుంటే బాగుండుననిపించింది.

అప్పటినుంచి నేను మందుల జోలికి వెళ్ళేముందు మేత సర్దుబాటు చూడమంటున్నాను. 2012 నుంచి 2019 వరకు జాతీయ పాడి అభివృద్ధి సంస్థ చాలా రాష్ట్రాల్లో ఊరూరా ఒక మనిషిని పెట్టి, రైతు దగ్గరున్న మేతలతోనే లెక్కకట్టి దాణా సరిచేసే పని నడిపింది. కొత్తగా కొన్నది పెద్దగా లేదు. తవుడు ఎక్కువై చెక్క తక్కువైన చోట చెక్క, ఖనిజలవణం లేనిచోట అది. లీటరు పాలకు మీథేన్ పదోవంతుకు మించి తగ్గింది, మేత ఖర్చూ తగ్గింది.

వరిగడ్డి తప్పనివారికి యూరియా పద్ధతి వున్నది. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, పట్టా కప్పి గాలి చొరకుండా మూడు వారాలు వుంచాలి. కరగని యూరియా పలుకులు వుంటే పశువుకు విషం. ఆరునెలలు నిండని దూడలకు ఈ గడ్డి పెట్టగూడదు.

మొన్న చలికాలంలో నూనె పోసిన ఆ రైతు ఇంట్లోనే ఈ గడ్డి వేయించాము. ఈసారి యూరియా నేనే తూచాను, నీళ్ళు నేనే కొలిచాను. చిక్కడపల్లి ముసలాయన కొట్టం ఇప్పుడు లేదు, అక్కడ పిల్లల హాస్టలు లేచింది. ఆయన వుంటే పిలిపించి ఈ గడ్డి కొరికి చూడమనేవాణ్ణి. ఇరవై ఒకటోనాడు పట్టా తీస్తే ఘాటుకు కళ్ళు నీరుకారినవి. గడ్డి లేత తేనెరంగుకు మారింది, చేత్తో నలిపితే మెత్తగా వున్నది. గంటసేపు ఆరబెట్టి వేస్తే బర్రె మూతి తిప్పుకుంది. రెండోనాడు చొప్పతో కలిపి వేస్తే చొప్ప ఏరుకు తిన్నది. నాలుగోనాడు ఇంటావిడ ఫోను చేసి, "సారూ, నాందు నాకేసింది" అని చెప్పింది.